కమీషను మీద సుంకం

కొబ్బరికాయ చెట్టు మీద ఉన్నంతసేపూ రైతుది. దింపు అయి, రాశి పోసి, లెక్క తేలి, అంబాజీపేట చేరేసరికి అందులో నలుగురికి వాటా ఏర్పడుతుంది. దింపువాడి కూలి, వలుపు కూలి, బండి బాడుగ, అన్నిటికంటే చివర కొనేవాణ్ణి చూపించిన పెద్దమనిషి కమీషను. కోనసీమలో పుట్టిన పిల్లవాడు ఎక్కాలు పూర్తిగా రాకముందే ఈ లెక్క నేర్చుకుంటాడు. "కాయ ధర ఎంత పలికిందండీ?" అని అడిగి ఊరుకోరు మా వైపు. "చేతికెంత వచ్చిందండీ?" అని రెండో ప్రశ్న కూడా వేస్తారు. ధర వేరు, చేతికి వచ్చేది వేరు. ఆ రెంటికీ నడుమ ఉన్న దూరం తెలిసినవాడే గృహస్థు.

ఈ పాత లెక్కకు ఇటీవల కొత్త పద్దు ఒకటి వచ్చి చేరింది. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో డాబా మీద గదిలో కూర్చున్న కుర్రవాడు ఆస్ట్రేలియాలోని దుకాణానికి బొమ్మలు గీసి పంపుతున్నాడు. పెళ్ళయి పిల్లల తల్లి అయిన ఇల్లాలు, మధ్యాహ్నం పని తెమిలాక, ఇంగ్లండులోని వ్యాపారి చిట్టా పద్దులు సరిచూసి పెడుతోంది. వీళ్ళకీ వాళ్ళకీ పరిచయం కుదిర్చేవి అంతర్జాలంలో వెలసిన సంతలు. అమెరికా వారి అప్‌వర్క్, 2010 లో ఇజ్రాయేలులో పుట్టిన ఫైవర్, 2009 లో ఆస్ట్రేలియాలో మొదలైన ఫ్రీలాన్సర్ అన్నవి వీటిలో పేరు మోసినవి. పని ఇచ్చేవాడు అక్కడ చాటింపు వేస్తాడు, చేసేవాడు బేరం ఆడతాడు, సొమ్ము సంత ద్వారానే చేతులు మారుతుంది. ఇంత మేలు చేసినందుకు సంత యజమాని రుసుము పట్టుకుంటాడు. ఫైవర్ నూటికి 20 తీసుకుంటుంది. అప్‌వర్క్ 2023 మే నెలలో అందరికీ నూటికి 10 అని నిర్ణయించి, 2025 లో పనిని బట్టి సున్న నుంచి 15 దాకా అని మార్చింది.

అంతవరకూ మన అంబాజీపేట పద్ధతే గదా! కొత్త సంగతి ఏమంటే, ఆ కమీషను మీద మన ప్రభుత్వం సుంకం వేస్తుంది. నూటికి 18. ఈ 18 అన్న అంకె ఎంతమంది ఇళ్ళలో ఎంత గాభరా పుట్టిస్తున్నదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు.

అన్వయం కుదరని అంకె

మా కళాశాలలో తెలుగు ప్రత్యేకాంశంగా డిగ్రీ చదివిన అమ్మాయి ఒకతె రాజోలు దగ్గరి పల్లెలో ఉంటున్నది. ఇంగ్లీషు కాగితాలను చక్కని తెలుగులోకి మార్చగలదు. అంతర్జాల సంతలో చేరి ఏడాదిగా నెలకు పాతికవేల దాకా సంపాదిస్తున్నది. తమ్ముడి ఇంజనీరింగు ఫీజు అందులోంచే వెళుతున్నది. ఒక ఆదివారం తండ్రి ఆమెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చేతిలో అచ్చు తీయించిన బిల్లు.

"మాస్టారండీ, ఇదేటో తవరొకసారి చూడాలండి. పద్దెనిమిది పన్నంటండి. పాతికేలు వస్తే నాలుగున్నర వేలు గవర్నమెంటోళ్ళకే పోతాదంటండి. పైన సంతోడి కమీషనొకటండి. రాత్రుళ్ళు మేలుకుని పిల్ల కళ్ళు పోగొట్టుకోడవెందుకండీ? మానేసెయ్యమంటన్నానండి."

"ఆ మాట మీకెవరు చెప్పారండీ?"

"మా ఊళ్ళో రిటర్నులు రాసే కుర్రోడండి. నంబరు తీసుకోకుండా సంపాదించడం నేరమని కూడా అన్నాడండి. నంబరుకి మూడు వేలు, ఆపైన నెలనెలా వెయ్యి ఇమ్మన్నాడండి. ఆయ్!"

అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. తలవంచుకుని కూర్చున్నది. మానేయడం తనకు ఇష్టం లేదని ఆ మౌనమే చెబుతున్నది.

నేను తెలుగు పంతులును, పన్నుల అధికారిని కాను. కాని బిల్లు కూడా రాసిన వాక్యమే గదా. పద్యం అర్థం కానప్పుడు మేము చేసే పని ఒకటున్నది. ఏ విశేషణం ఏ విశేష్యానికి చెందుతుందో ముందు తేల్చుకుంటాము. దాన్నే అన్వయం అంటారు. "నూటికి 18" అన్నది విశేషణం. దేనిలో నూటికి?

డాలర్లను రూపాయలు చేసి, చిల్లర తీసేసి చెబుతాను. బిల్లులో పద్దులు ఇవి. ఆ నెల సంపాదన 25,000. సంత వారి రుసుము, నూటికి 10 చొప్పున, 2,500. తరువాతి పంక్తిలో జి.ఎస్.టి., నూటికి 18 చొప్పున, 450. చేతికి వచ్చేది 22,050. ఆ 18 అన్న విశేషణం 25,000 కు అన్వయించదు. దాని పైనున్న 2,500 కు అన్వయిస్తుంది. పన్ను పడింది సంత వారు చేసిన సేవ మీద, వారు తీసుకున్న రుసుము మీద. అమ్మాయి కష్టం మీద కాదు.

ఆ కుర్రవాడి లెక్క ప్రకారం ఏడాదికి 54,000 పోవాలి. నిజంగా పోయేది 5,400. పదింతలు తేడా!

తండ్రి వేళ్ళ మీద రెండుసార్లు లెక్క వేసుకున్నాడు. "నాలుగొందల యాభయ్యేనండీ?" అన్నాడు. "అంతేనండి" అన్నాను. అయినా ఆయన వదలలేదు. "సంతోడు అమెరికావోడు గదండీ. ఆడి కమీషను మీద మన గవర్నమెంటు పన్నేటండీ? ఆ పన్ను మనమెందుకు కట్టాలండీ?" అని అడిగాడు. చదువుకున్నవాళ్ళు కూడా అడగవలసిన ప్రశ్నే అది. సమాధానానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

చేతులు మారే పన్ను

సుంకం అన్న మాట మనకు కొత్త కాదు. సంస్కృతంలోని శుల్కమే తెలుగులో సుంకం అయింది. 1244 లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. తుఫానుకు విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతాన తీసుకునేవారనీ, తాను అలా చేయననీ, ఎగుమతి దిగుమతుల మీద ముప్పయింట ఒక వంతు సుంకం మాత్రమే పుచ్చుకుంటాననీ సముద్రవర్తకులకు అభయం ఇచ్చాడు. దేని మీద పన్ను, ఎంత పన్ను అన్నది రాతి మీద చెక్కించి అందరికీ కనబడేటట్టు నిలబెట్టాడు.

అమ్మకం పన్ను మన జిల్లాలకు వచ్చింది 1939 లో. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. రాజాజీ ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957 లో మన చట్టం మనకు వచ్చింది. ఈ పాత పన్నులో ఒక చిక్కు ఉండేది. సరుకు చేతులు మారినప్పుడల్లా మొత్తం ధర మీద పన్ను పడితే, పన్ను మీద పన్ను పేరుకుపోతుంది. 1954 లో ఫ్రాన్సు దేశంలో మారిస్ లోరే అనే అధికారి దీనికి విరుగుడు కనిపెట్టి అమలులో పెట్టించాడు. ఎవరు ఎంత విలువ చేర్చితే అంత విలువ మీదనే పన్ను అన్నది అతని సూత్రం. వ్యాట్ అని ప్రపంచమంతా పిలిచేది దీనినే. మన రాష్ట్రంలో 2005 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది.

ఇది నడిచే తీరు చూడండి. ఒకాయన 100 రూపాయలకు అమ్మి, పన్ను 18 పుచ్చుకుని ప్రభుత్వానికి కట్టాడు. కొన్నాయన దానికి మెరుగులు దిద్ది 150 కి అమ్మాడు. దాని మీద పన్ను 27. కాని తాను కొనేటప్పుడు ఇచ్చిన 18 ని తగ్గించుకుని, 9 మాత్రమే కడతాడు. ఇలా ప్రతివాడూ వెనకవాడికి ఇచ్చింది మినహాయించుకుంటూ పోతే, చివరకు భారమంతా ఎవరి మీద పడుతుంది? కొని, మళ్ళీ అమ్మకుండా వాడుకునేవాడి మీద. నడుమనున్న వర్తకుల చేతుల్లో పన్ను నిలవదు, దొర్లిపోతుంది.

సేవల మీద పన్ను వేరే దారిలో వచ్చింది. 1994 జూలై 1 న టెలిఫోను, సాధారణ బీమా, షేర్ల దళారీ అనే మూడింటి మీద నూటికి 5 తో మొదలయింది. ఏడాది ఏడాదికీ సేవల జాబితా పెరిగింది, రేటూ పెరిగింది. 2017 జూలై 1 న సరుకుల పన్నూ, సేవల పన్నూ చాలావరకు ఒకే గొడుగు కిందికి వచ్చి వస్తుసేవల పన్ను, అంటే జి.ఎస్.టి., అయినాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను అంతస్తులు మారినా, ఈ సంతల రుసుము మీది 18 మాత్రం మారలేదు.

సముద్రం అవతలివాడి మీద మన చట్టం

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. హైదరాబాదు కంపెనీ అయితే మన అధికారి వెళ్ళి తలుపు తట్టగలడు. అమెరికా కంపెనీకి ఇక్కడ తలుపే లేదు. ఒకప్పుడు విదేశీ కంపెనీలు అంతర్జాలం ద్వారా మామూలు జనానికి అమ్మే సేవల మీద మనకు పన్ను వచ్చేది కాదు. అదే సేవ అమ్మే దేశీయుడు మాత్రం పన్ను కట్టేవాడు. ఇది అన్యాయమని ఐరోపా దేశాలు 2003 జూలై నుంచే బయటి కంపెనీలకు వ్యాట్ వేశాయి. మన దేశం 2016 డిసెంబరు 1 నుంచి వేసింది. అప్పుడు రేటు నూటికి 15. మరుసటి ఏడు జి.ఎస్.టి. రావడంతో 18 అయింది.

సూత్రం ఏమంటే, సేవ ఎక్కడ వాడుకుంటారో పన్ను అక్కడి ప్రభుత్వానిది. రాజోలులో కూర్చున్న మనిషి సంతను వాడుకుంటే, ఆ సేవ రాజోలులో అందినట్టే. కనుక విదేశీ కంపెనీ ఇక్కడ నమోదు కావాలి. అలాంటి కంపెనీలన్నిటి వ్యవహారాన్నీ బెంగుళూరులోని కేంద్ర పన్నుల కార్యాలయానికి అప్పగించారు. కంపెనీ మన దగ్గర వసూలు చేసి, నెలనెలా లెక్క చెప్పి కట్టాలి. ఆ 450 రూపాయలు అమెరికా వాడి జేబులోకి పోవు. మన ఖజానాకే వస్తాయి.

ఇందులో చాలాకాలం ఒక మెలిక ఉండేది. వ్యాపారానికో వృత్తికో కాకుండా సొంతానికి వాడుకునే నమోదు లేని మనిషికి అమ్మినప్పుడే విదేశీ కంపెనీ పన్ను వసూలు చేయాలని చట్టంలో ఉండేది. సినిమా చూసే మనిషి సంగతి తేలిక. మరి సంతలో చేరి నాలుగు రూపాయలు సంపాదించుకునే అమ్మాయి ఎవరి కిందికి వస్తుంది? ఆమె చేస్తున్నది వృత్తి గదా? చట్టం అక్షరాలా పట్టుకుంటే పన్ను బాధ్యత ఆమె మీదనే పడేటట్టు ఉండేది. 2023 ఆర్థిక చట్టం ఆ మాటలను తొలగించింది. 2023 అక్టోబరు 1 నుంచి, ఎందుకు వాడుకున్నా సరే, నమోదు లేని మనిషి అయితే చాలు, ఆ పన్ను వసూలు చేసి కట్టవలసిన పూచీ విదేశీ కంపెనీదే. ఇది చిన్నవాళ్ళకు కలిగిన ఊరట. డబ్బు భారం తగ్గకపోయినా, కాగితాల భారం తప్పింది.

నంబరు తీసుకోవాలా?

"నంబరు లేకపోతే నేరం" అన్న మాట ఎంతవరకు నిజం? సేవలు అమ్మేవారికి మన రాష్ట్రంలో హద్దు ఏడాదికి 20 లక్షల రూపాయలు. అంతకు లోపు ఉన్నవారు నమోదు కానక్కరలేదు. వేరే రాష్ట్రం వారికి పని చేస్తే తప్పదని మొదట్లో భయం ఉండేది. 2017 అక్టోబరు 13 నాటి ప్రకటనతో సేవల విషయంలో ఆ భయం పోయింది. దేశీయ అంతర్జాల సంతల ద్వారా పని చేసే చిన్నవారికి కూడా అదే ఏడు నవంబరు 15 న మినహాయింపు ఇచ్చారు. ఏడాదికి మూడు లక్షలు సంపాదించే అమ్మాయికి నంబరుతో పని లేదు. నేరం అసలే లేదు.

కావాలనుకుంటే స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. ప్రభుత్వం దానికి రుసుము పుచ్చుకోదు. కాని తీసుకున్న తరువాత సంసారం మొదలవుతుంది. పని ఉన్నా లేకున్నా గడువుకు రిటర్నులు వేయాలి. ఖాళీ రిటర్ను ఆలస్యమైనా రోజుకు 20 రూపాయలు, లెక్క ఉన్న రిటర్ను అయితే రోజుకు 50 అపరాధ రుసుము. మన దేశంలోని వారికి పని చేసినప్పుడు వారి దగ్గర 18 వసూలు చేసి కట్టాలి. నెలకు 500 చొప్పున గుమాస్తాకు ఇచ్చినా ఏడాదికి 6,000. మిగుల్చుకోదలచింది 5,400. దోమను చంపడానికి దోమతెర తగలబెట్టుకున్నట్టు!

పెద్ద సంపాదన ఉన్నవారి సంగతి వేరు. వారు రెండు విషయాలు తెలుసుకోవాలి.

మొదటిది: 20 లక్షల హద్దును చేతికి వచ్చిన సొమ్ముతో కొలవరు. రుసుము కోతకు ముందున్న మొత్తంతో కొలుస్తారు. 21 లక్షల పని చేసి, 2 లక్షల 10 వేలు కమీషను పోగా, 18 లక్షల 90 వేలు చేతికి వచ్చిన యువకుడు తాను హద్దుకు లోపలే ఉన్నాననుకుంటాడు. చట్టం దృష్టిలో దాటిపోయాడు. విదేశాలకు చేసిన పని ఎగుమతి, దాని మీద పన్ను లేదు గనుక లెక్కలోకి రాదనుకోవడం కూడా పొరపాటు. ఎగుమతులూ మొత్తంలో చేరుతాయి. అదే పాన్ కార్డు మీద దుకాణం అద్దె వస్తుంటే అదీ చేరుతుంది.

రెండవది: నమోదైన మనిషి తన నంబరు సంత వారికి ఇవ్వాలి. అప్పుడు వారు బిల్లులో 18 వేయరు. ఆ పన్నును ఈయనే నేరుగా మన ప్రభుత్వానికి కట్టి, కట్టినదాన్ని తన ఖాతాలో జమగా చూపుకుంటాడు. దీన్ని రివర్స్ చార్జి అంటారు. విదేశీ ఖాతాదారుకు చేసిన పని ఎగుమతి కిందికి వస్తే దాని మీద పన్ను సున్న. పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తానని ఏటేటా ఒక హామీ పత్రం ఆన్‌లైనులో దాఖలు చేస్తే చాలు. జమలో నిలిచిన సొమ్మును తిరిగి ఇమ్మని అడగవచ్చు. ఎగుమతి అనిపించుకోవాలంటే ఖాతాదారు దేశం బయట ఉండాలి. సొమ్ము విదేశీ మారకంలో రావాలి, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన తీరున రూపాయల్లో రావాలి. కాబట్టి విదేశాల నుంచి సొమ్ము వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితాన్ని ఎప్పటికప్పుడు అడిగి భద్రపరచుకోవాలి.

ఇక్కడొక హెచ్చరిక. 18 తప్పించుకోవడానికి మేనమామ దుకాణం నంబరో, స్నేహితుడి నంబరో సంతకు ఇచ్చేయమని సలహా చెప్పేవాళ్ళు ఉంటారు. అలా చేస్తే పన్ను మాయం కాదు, ఆ నంబరు గల పెద్దమనిషి నెత్తి మీద కూర్చుంటుంది. 450 రూపాయల కోసం బంధుత్వాలు పాడుచేసుకోకండి.

లెక్క సరే, న్యాయం మాటేమిటి?

లెక్క తెలిసింది గనుక పన్ను న్యాయమైనదని ఒప్పుకోనక్కరలేదు. ప్రభుత్వాలన్నీ అంగీకరించిన నీతి ఒకటున్నది. సరుకునే ఎగుమతి చేయాలి గాని, దానితోపాటు పన్నును ఎగుమతి చేయకూడదు. అందుకే కొబ్బరిపీచు చాపలు విదేశానికి పంపే వర్తకుడు తాను దారిలో కట్టిన జి.ఎస్.టి.ని తిరిగి అడగగలడు. హైదరాబాదులోని పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థ కూడా అడగగలదు. రాజోలు దగ్గరి అమ్మాయి చేస్తున్నదీ ఎగుమతే. కాని ఆమె కట్టిన 450 తిరిగి రాదు. నమోదు లేదు గనుక గొలుసు ఆమె దగ్గర తెగిపోయింది. చట్టం ఆమెను వర్తకుల వరుసలోంచి తప్పించి, వాడుకునేవారి వరుసలో చివరన కూర్చోబెట్టింది. ఆమె సంతను సరదాకు వాడుకోవడం లేదు, పనిముట్టుగా వాడుకుంటున్నది.

నూటికి 10 రుసుము ఉన్నచోట ఆమెకు తగిలేది నూరు రూపాయలకు 1 రూపాయి 80 పైసలు. నూటికి 20 ఉన్నచోట 3 రూపాయల 60 పైసలు. కొంప మునిగే మొత్తం కాదు. కాని పెద్దవాడికి సున్న అయినది చిన్నవాడికి సున్న కాకపోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

దీనికి మన వాకిట్లోనే ఒక పోలిక ఉన్నది. పచ్చి కొబ్బరికాయ మీద జి.ఎస్.టి. లేదు. వ్యవసాయ పంటలు అమ్మిపెట్టే కమీషను ఏజెంటు చేసే సేవ మీద కూడా లేదు. అంటే అంబాజీపేటలో తండ్రి ఇచ్చే కమీషనుకు సుంకం లేదు. అంతర్జాల సంతలో కూతురు ఇచ్చే కమీషనుకు నూటికి 18 సుంకం. రైతు చేతిలో పన్ను చిక్కుకుపోతే అతడు రాబట్టుకోలేడు గనుక కమీషను మీద పన్ను వేయకపోవడమే మంచిదని మనం సంతోషంగా ఒప్పుకుంటాము. ఇంట్లో కూర్చుని నాలుగు లక్షల లోపు సంపాదించే పనివారికి కూడా అదే మాట వర్తించదా? పన్ను ఎత్తివేయలేకపోతే, ఏడాదికి ఒక్కసారి ఒక్క దరఖాస్తుతో, బ్యాంకు కాగితం జతచేసి, విదేశీ పని మీద పడిన సుంకాన్ని తిరిగి పొందే వీలు కల్పించవచ్చు. రిటర్నుల సంసారం అక్కరలేకుండా ఆ మేలు జరగాలని నా అభిప్రాయం.

అది జరిగేదాకా చేయగలిగింది ధర కట్టడంలో ఉన్నది. మొత్తం కోత ఎంతో తెలిస్తే అడగవలసింది ఎంతో తెలుస్తుంది. రుసుము నూటికి 10, దాని మీద సుంకం 1.80, కలిసి కోత 11.80. చేతికి 100 రూపాయలు రావాలంటే 113 రూపాయల 38 పైసలు అడగాలి. రుసుము నూటికి 20 అయితే కోత 23.60. అప్పుడు 130 రూపాయల 89 పైసలు అడగాలి. చాలామంది పిల్లలు 100 కు 110 అడిగి సరిపోయిందనుకుంటారు. అక్కడే నష్టం మొదలు.

ఆ అమ్మాయికి ఈ లెక్క కాగితం మీద వేసి ఇచ్చాను. తండ్రి దాన్ని తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పని మాననక్కర్లేదంటారండీ?" అన్నాడు. "కూలి పెంచి అడగమంటానండీ" అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "వచ్చే నెల నుంచి కొత్త పనులకు పెంచే అడుగుతానండి మాస్టారూ" అన్నది.

పాఠకులకు చివరగా మనవి. ఆదాయపు పన్ను సంగతి వేరు. దాన్నీ దీన్నీ కలిపి గాభరా పడవద్దు. మీ ఇంట్లో కొడుకో, కూతురో, కోడలో ఇలాంటి పని చేస్తుంటే, "ఎంత వస్తున్నదమ్మా?" అని అడిగి సంతోషించి ఊరుకోకండి. నెలకొకసారి సంత వారి బిల్లు తెరిపించి, వాళ్ళ పక్కన కూర్చుని చదవండి. సంపాదన ఒక గడిలో, రుసుము ఒక గడిలో, సుంకం ఒక గడిలో, చేతికి వచ్చింది ఒక గడిలో రాసిపెట్టించండి. పన్నెండు నెలలకు పన్నెండు వరుసలు. ఏడాది చివర మొదటి గడి కూడి, 20 లక్షలకు ఎంత దూరంలో ఉన్నారో చూసుకోండి. ఎవరైనా వచ్చి భయపెడితే ఆ పుస్తకం ముందు పెట్టి, "ఈ 18 ఏ గడికి చెందుతుందో చూపించు నాయనా" అని అడగండి.